మాట వదులుకున్న వారం

3, ఆదివారం

మా మనవరాలు వసపిట్ట రేపటి నుంచి వారం రోజులు మాట్లాడదట. సివిక్స్ మాస్టారి ప్రయోగం. హక్కు విలువ తెలియాలంటే కొన్నాళ్ళు అది లేకుండా బతికి చూడాలన్నాడట ఆయన. పదో తరగతి పిల్లలు తలా ఒక హక్కు ఎంచుకుని శనివారం దాకా వదిలేసుకోవాలి. ఒకడు గోప్యత వదిలేశాడు. వాడి సంచి జిప్పు తెరిచే ఉంటుంది, ఎవరైనా తొంగి చూడొచ్చు. దీని ప్రాణస్నేహితురాలు కళ్ళజోడు, ఇష్టమొచ్చినట్టు తిరిగే హక్కు వదిలేసింది. మంచినీళ్ళకు లేవాలన్నా, నిలబడ్డచోటి నుంచి కదలాలన్నా పక్కవాళ్ళెవరో సరే అనాలి. అదొక హక్కని నాకు పెళ్ళయిన పదేళ్ళకు గానీ తెలియలేదు. ఖరీదైన చలికోటు వేసుకొచ్చే అబ్బాయి ఒకడున్నాడు, వాడు ఆస్తి హక్కు వదిలేశాడు. ఈ వారం వాడి వస్తువు ఎవరు తీసుకుంటే వాళ్ళది.

మనది వాక్ స్వాతంత్ర్యం. బడిలోనూ ఇంట్లోనూ మాట లేదు. రాసి చూపించడం లేదు, సైగ లేదు, తల ఊపడం కూడా లేదు. ఎవరి మనస్సాక్షి వాళ్ళకి కాపలా అన్నాడట మాస్టారు. కోర్టులో జీవితమంతా స్టెనోగా పనిచేసినదాన్ని, ఆ కాపలావాడి సంగతి నాకు బాగా తెలుసు. డ్యూటీలో నిద్రపోతాడు.

"నువ్వా? ఇంటర్వెల్ దాకా ఉంటే గొప్ప," అన్నాను.

"చూస్తుండు. శనివారం దాకా ఉంటాను."

"మధ్యలో నోరు తెరిచావో, నా మనవరాలివే కాదు పో."

నవ్వింది. నేనూ నవ్వాను. అల్లుడు కూడా నవ్వాడు. ఆయన నవ్వడం అరుదు కాబట్టి రాసిపెడుతున్నాను.

4, సోమవారం

ఇల్లు హాయిగా ఉంది. హాల్లో ఫ్యాను చప్పుడు చేస్తుందని ఇన్నేళ్ళకు తెలిసింది.

6, బుధవారం

పొద్దుటినుంచీ వాన. పిల్ల మాట జారలేదు. ఎవరి పోలికో.

7, గురువారం

బడి నుంచి వచ్చి అన్నం తినకుండా పడుకుంది. నోరు కట్టేసుకుంటే ఆకలి కూడా చస్తుందేమో. "ఇంకెంతలే, ఎల్లుండితో అయిపోతుంది" అని వీపు నిమిరాను. గోడవైపు తిరిగింది.

9, శనివారం

మనకే మొదటి బహుమతి.

తరగతి మొత్తంలో పూర్తిగా నిలబడింది ఇదొక్కతే. జిప్పు తెరిచినవాడు రెండో రోజే మూసేశాడు. బడి అంతటినీ ఆవరణలో నిలబెట్టి, దీన్ని మెట్ల మీదకు పిలిచి షీల్డు ఇచ్చారట. ప్రిన్సిపాల్ "ఇప్పుడైనా ఒక మాట మాట్లాడమ్మా" అంటే ఊరుకుందట. అందరూ నవ్వి, ఇంకాస్త గట్టిగా చప్పట్లు కొట్టారట. ఇదంతా మా అమ్మాయి ఫోన్లో ఎవరినో అడిగి తెలుసుకుంది. పిల్ల చెప్పలేదు.

"ఇక తెరువమ్మా నోరు. గెలిచావు, ఒప్పుకున్నాను," అన్నాను.

"ఊఁ," అంది.

అదీ వారం తర్వాత మొదటి మాట. ఇంకాస్త పెద్దదేదైనా దాచి ఉంటుందనుకున్నాను.

10, ఆదివారం

ఊఁ. ఊఁహూఁ. తర్వాత.

అల్లుడు అంటాడు, "వారం అయిపోయింది కదా అత్తయ్యా, ఇదేంటి?"

"అలవాటు పడింది. మీరు పదహారేళ్ళుగా ఇలాగే ఉన్నారు, ఎవరైనా అడిగారా?" అన్నాను.

షీల్డు టీవీ పక్కన పెట్టాం. సాయంత్రానికి అది బీరువా వెనక ఉంది.

12, మంగళవారం

కళ్ళజోడు లెక్కల నోట్సు కోసం వచ్చింది. ఎవరి నోరైనా వినపడితే చాలన్నట్టుంది నా పరిస్థితి. కూర్చోబెట్టి బిస్కట్లు పెట్టాను.

"అమ్మమ్మగారూ, ఇది బళ్ళో కూడా ఉలకదు పలకదు. ఆ ఆయా గొడవకి బెదిరిపోయినట్టుంది."

"ఏ ఆయా?"

"ఇది చెప్పలేదా?"

"చెప్పడానికి నోరేదీ?"

అప్పుడు మొత్తం చెప్పింది. పిల్ల పక్కనే కూర్చుని నోట్సు అట్ట గోటితో గీరుతోంది.

మొన్న బుధవారం, ఆ వానరోజు సాయంత్రం, ఆయా ఇంటికి పోతుంటే గేటు దగ్గర ఆమె సంచిలో ఆ అబ్బాయి చలికోటు దొరికింది. అక్కడ పనివాళ్ళ సంచులు రోజూ విప్పి చూస్తారట. ఆయాలవీ, వంటమనిషివీ, తోటమాలివీ. టీచర్లవి చూడరా అంటే "ఛ, వాళ్ళవెందుకు చూస్తారు" అంది కళ్ళజోడు. ఎవరిచ్చారని వాచ్‌మన్ అడిగితే, "మాట్లాడని పాప ఇచ్చింది. తడిసి వణుకుతూ వరండా తుడుస్తుంటే వచ్చి భుజాల మీద కప్పింది" అందట ఆయా.

మర్నాడు పొద్దున్నే ప్రిన్సిపాల్ గదికి పిలిచారు. ఆయాని, దీన్ని, కోటు అబ్బాయిని, వాళ్ళమ్మని. సివిక్స్ మాస్టారు ఆ పూట సెలవు. కళ్ళజోడు హాజరుపట్టీ ఇవ్వడానికి వెళ్ళి ఆ గది బయట ఇరుక్కుపోయింది. "కదలాలంటే ఎవరో ఒకరు సరే అనాలి కదా అమ్మమ్మగారూ. అక్కడ ఎవరూ లేరు. నిలబడిపోయాను. అంతా వినపడింది."

కోటు అబ్బాయి నిజాయితీగానే చెప్పాడట, ఈ వారం నా వస్తువు ఎవరు తీసుకున్నా వాళ్ళదే, అదే రూలు అని. వాళ్ళమ్మ, "ఆ రూలు మీ పిల్లల మధ్య. ఆయాలకి కాదు" అందట. ప్రిన్సిపాల్ దీన్ని అడిగాడు. "నువ్వు ఇచ్చావా? మాట్లాడక్కర్లేదు, తల ఊపు చాలు." ఇది ఊపలేదు. మళ్ళీ అడిగాడు. ఊపలేదు. అప్పుడు ఆయానే అందట, "తల కూడా ఊపకూడదంట సార్, మాస్టారు పెట్టిన పరీక్ష. పాపని ఇబ్బంది పెట్టకండి. శనివారం అయిపోగానే తనే చెబుతుంది."

ప్రిన్సిపాల్ శనివారం దాకా ఆగలేదు. ఆయాని రేపటి నుంచి రావద్దన్నాడు.

"శనివారం అయిపోయింది. ఇది ఏమీ చెప్పలేదు," అంది కళ్ళజోడు. "అంటే ఆ ఆయా చెప్పింది అబద్ధమేగా. పాపం, దీన్ని అనవసరంగా లాగింది."

పిల్ల గీరడం ఆపలేదు. అట్ట మీద తెల్లటి చార పడింది.

కోర్టులో ఇలాంటి చోట మేం ఒకే వాక్యం రాసేవాళ్ళం. "సాక్షి మౌనం వహించినది." ఎందుకు వహించినదో రాయడం మా పని కాదు.

కళ్ళజోడు వెళ్ళాక అడిగాను. "కోటు నువ్వే కప్పావా?"

తల ఊపింది.

"శనివారం అయిపోయాక ఎందుకు చెప్పలేదు?"

లేచి లోపలికి వెళ్ళింది. నేనూ రెండోసారి అడగలేదు.

13, బుధవారం

ఆ రోజు నేనన్నది సరదాగా అన్నాను. మనవరాలివే కాదు పో అని ఏ అమ్మమ్మ అనదు? అది రోజుకి నాలుగుసార్లు వినే మాట.

దుప్పట్లన్నీ ఇస్త్రీ చేశాను. దుప్పట్లకు ఇస్త్రీ ఎవరు చేస్తారు. పెట్టె మణికట్టుకి తగిలిందట. సాయంత్రం బొబ్బ చూసి మా అమ్మాయి అడిగితే తెలిసింది. ఇప్పుడు నొక్కి చూసినా నొప్పి లేదు.

14, గురువారం

ఆయాలకు పనికేం కొదవ. ఊరినిండా మురికే. ఎక్కడో దొరికే ఉంటుంది.

పిల్ల తప్పేముంది? నియమం పెట్టారు, పాటించింది. మధ్యలో నోరు తెరిస్తే ఇక నియమం ఏమిటి? అయినా దాన్ని ఎవరు బలవంతపెట్టారు? నేనైతే సరదాగా అన్నాను.

కాఫీలో పంచదార వేయలేదు. తాగేశాక గిన్నెలు కడిగేటప్పుడు గమనించాను.

15, శుక్రవారం

సోమవారం పిల్లలు తమ అనుభవాలు వ్యాసాలుగా చదవాలట. బహుమతి వచ్చింది కాబట్టి ముందు మనదే. "నేను మాట వదులుకున్న వారం." రాసి నా ముందు పెట్టింది.

చదివాను. బాగుంది. మాట ఉన్నవాడు మాట లేనివాడి తరఫున మాట్లాడటమే పౌరుడి బాధ్యత, అని ఒకచోట రాసింది. చప్పట్లు పడే చోటు. చేతిరాత కూడా ముత్యాల్లా ఉంది. కోటు లేదు. వాన లేదు. వరండా లేదు.

"బాగుందా?"

"బాగుంది."

"నిజంగా?"

"చెప్పాను కదా."

కాసేపు నావైపు చూసింది. నేను కళ్ళద్దాలు తుడుచుకున్నాను. అవి శుభ్రంగానే ఉన్నాయి.

16, శనివారం

ఏమీ లేదు.

17, ఆదివారం

మా అమ్మాయీ అల్లుడూ బజారుకెళ్ళారు. నేను బఠాణీలు ఒలుస్తున్నాను. పిల్ల వచ్చి ఎదురుగా కింద కూర్చుని తనూ ఒక గుప్పెడు తీసుకుంది. చాలాసేపు కాయలు చిట్లే చప్పుడే.

"అమ్మమ్మా, అది రూలు వల్ల కాదు."

"ఏది?"

"తల ఊపకపోవడం."

నేను ఒలవడం ఆపలేదు. ఆపితే తనూ ఆపుతుందనిపించింది. సాక్షి నోరు తెరిచినప్పుడు పెన్ను ఆగకూడదు.

"ప్రిన్సిపాల్ గదిలో కోటు అబ్బాయి వాళ్ళమ్మ నన్ను చూస్తోంది. అడక్కుండా ఎలా తీశావు అంటుందనుకున్నా. వాడు ఒప్పుకున్నాడు గానీ, వాళ్ళమ్మ ఒప్పుకోలేదు కదా. నన్ను కూడా దొంగ అంటారేమో అనిపించింది. భయం వేసింది. అప్పుడు గుర్తొచ్చింది, నేను మాట్లాడకూడదు కదా అని." ఒక గింజ నలిపింది. "హమ్మయ్య అనిపించింది."

"హమ్మయ్య."

"ఊఁ. ఆయమ్మ నా తరఫున చెబుతుంటే కూడా హమ్మయ్యే అనిపించింది. శనివారం షీల్డు ఇస్తున్నప్పుడు చెబుదామనుకున్నా. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక ఎలా చెప్పను?"

ఇంతకాలం నా దగ్గరున్నది అప్పుడు బయటికొచ్చింది. "నేను ఆ రోజు, మధ్యలో నోరు తెరిస్తే నా మనవరాలివే కాదన్నాను. అందుకని కాదా?"

అర్థం కానట్టు చూసింది.

"నువ్వెప్పుడన్నావు?"

"ముందురోజు. ఆదివారం."

"ఏమో. నువ్వు రోజూ ఏదో ఒకటి అంటావుగా."

నా మాటకి ఈ ఇంట్లో ఉన్న విలువ అది. ఆ మాటని మోస్తూ నిద్ర పోగొట్టుకున్నాను, చెయ్యి కాల్చుకున్నాను. అది పిల్ల చెవిలోకే వెళ్ళలేదు. దించేశాక తేలికవ్వాలి కదా. ఏమీ కాలేదు. మూట దించిన చోట భుజం మొద్దుబారే ఉంది.

"ఇప్పుడేం చెయ్యాలి?" అంది.

"నన్నడుగుతావేం? బాధ్యత మీద వ్యాసం రాసిందానివి నువ్వు."

అన్నాక అనకుండా ఉండాల్సింది అనిపించింది. కానీ అది తల వంచుకుని ఇంకో కాయ చిదిపి, "సరే, ఆయమ్మ ఎక్కడుందో కనుక్కోవాలి" అంది.

18, సోమవారం

గొంతు బాగాలేదని వ్యాసం చదవలేదట. మాస్టారు కాయితం తీసుకుని కళ్ళజోడు చేత చదివించాడు. నేననుకున్న చోటే చప్పట్లు పడ్డాయట.

నేను మధ్యాహ్నం బడి గేటు దగ్గరకు వెళ్ళి ఆయా ఎక్కడుందని వాచ్‌మన్‌ని అడిగాను. నేల చూస్తూ చెప్పాడు. పెద్దాసుపత్రి వెనక, దుప్పట్లు ఉతికే చోట.

19, మంగళవారం

ఆసుపత్రి వెనక రేకుల షెడ్డు. లోపల ఆవిరి, బ్లీచింగ్ వాసన, మాట వినపడనంత మిషన్ల రొద. ఆయా బయట తీగల దగ్గర ఆరిన దుప్పట్లు తీస్తోంది. నేననుకున్నదానికంటే చిన్నది, మా అమ్మాయి వయసుంటుంది. వేళ్ళు నానిపోయి తెల్లగా ఉన్నాయి, కణుపుల దగ్గర పగిలాయి. పిల్లని చూసి ఆశ్చర్యపోలేదు.

"మాట్లాడొచ్చా ఇప్పుడు?" అంది.

"ఆయమ్మా, నేను..." అని ఆగిపోయింది పిల్ల.

"ఇటు చివర పట్టుకో. నిలబడితే సూపర్‌వైజర్ అరుస్తాడు."

పిల్ల దుప్పటి చివర పట్టుకుంది. ఇద్దరూ లాగి, కలిపి, మడిచి, మళ్ళీ లాగారు. అలా మడతపెడుతూనే చెప్పింది. భయం వేసిందని చెప్పింది. హమ్మయ్య అనిపించిందని కూడా చెప్పింది. అది చెప్పకుండా దాటేస్తుందనుకున్నాను. దాటేయలేదు.

ఆయా అంతా విని, మడత గట్టు మీద పెట్టి, ఇంకోటి అందుకుంది.

"నేను శనివారం సాయంత్రం గేటు అవతల నిలబడ్డాను తెలుసా. పరీక్ష అయిపోయింది కదా, పిలుస్తారని. చప్పట్లు వినపడ్డాయి. ఎవరికో ఏదో ఇస్తున్నారనుకున్నా."

పిల్ల చేతిలోంచి చివర జారింది. మట్టిలో పడకుండా ఆయానే పట్టుకుంది.

"నన్ను తిట్టండి ఆయమ్మా."

"తిట్టడానికి టైమెక్కడిది? ఇంకో బండెడున్నాయి." నావైపు తిరిగింది. "మీరు అమ్మమ్మా?"

"అవును."

"కోర్టులో చేసేవారట కదా, పాప చెప్పేది. అదివరకు వరండాలో నా వెంట తిరుగుతూ ఒకటే కబుర్లు. మీ తిట్లన్నీ నాకు తెలుసు."

"అవన్నీ నిజమే," అన్నాను.

"రేపే ప్రిన్సిపాల్ గారికి చెప్పేస్తాను. జరిగిందంతా," అంది పిల్ల.

"ఆయనకి చెబితే తలుపేసుకుని వింటాడు," అంది ఆయా. "నా సంచి తలుపేసుకుని విప్పలేదమ్మా. అందరి ముందూ విప్పారు. వంటామె చూసింది, బస్సు డ్రైవర్లు చూశారు. మా వీధివాళ్ళే నలుగురున్నారు అక్కడ. నా కొడుకుని వాళ్ళ పిల్లలు అడిగారు, మీ అమ్మ కోటు తీసిందా అని. చెప్పేదేదో గేటు దగ్గర చెప్పు. సాయంత్రం అందరూ పోయేటప్పుడు."

"చెబితే మళ్ళీ వస్తారా?"

"అది తర్వాత. ముందు చెప్పు. ఆ మూల లాగు, ముడత పడింది."

20, బుధవారం

రాత్రి భోజనాల దగ్గర పిల్ల తనే చెప్పింది. అల్లుడు చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

"గేటు దగ్గరేంటి? ఉత్తరం రాసిద్దాం. నేను రాస్తాను మర్యాదగా."

"ఆయమ్మ గేటు దగ్గరే అంది నాన్నా."

"షీల్డు తీసేసుకుంటారు. అది పోతే పోయింది. పరీక్షలకు ముందు ప్రవర్తన బాగాలేదని కాయితం మీద రాస్తే? రేపు ఏ కాలేజీ తీసుకుంటుంది? అత్తయ్యా, మీరైనా చెప్పండి. కోర్టుల్లో పనిచేసినవారు."

"కోర్టులో నేను టైపు చేశాను బాబూ. తీర్పులివ్వలేదు."

"అన్నిటికీ ఒక మాట అంటారు, ఇప్పుడు మాత్రం..."

"ఇప్పుడు మాత్రం నా దగ్గర లేదు."

మా అమ్మాయి ఇంతసేపూ మజ్జిగ గిన్నెలో గరిటె తిప్పుతూనే ఉంది. "ఆమె కొడుకెంతవాడు?" అంది.

"నాలుగో తరగతి," అంది పిల్ల.

"వెళ్ళనివ్వండి," అంది మా అమ్మాయి భర్తతో. గరిటె తిప్పడం ఆపింది.

21, గురువారం

గేటు లోపల ఒక బల్ల. దాని వెనక వాచ్‌మన్. ముందు పనివాళ్ళ వరస. సంచులు ముందే తెరిచి పట్టుకుని ఉన్నారు, ఎవరూ చెప్పకుండానే. పక్కన వెడల్పాటి దారిలోంచి టీచర్లూ పిల్లలూ పోతున్నారు. బయట కార్లు. నేను గోడవారగా నిలబడ్డాను. తోడు మాత్రమే రమ్మంది, నోరు విప్పొద్దంది.

పిల్ల బల్ల పక్కకి వెళ్ళి నిలబడింది. మొదలుపెట్టింది. ఎవరికీ వినపడలేదు.

"గట్టిగా," అన్నాడు తోటమాలి.

"ఆయమ్మ కోటు దొంగతనం చేయలేదు. నేను ఇచ్చాను. నేనే కప్పాను. ప్రిన్సిపాల్ గారు అడిగితే చెప్పలేదు. రూలు వల్ల కాదు. భయపడ్డాను."

వరస ఆగింది. వంటామె కింది నుంచి పైదాకా చూసింది దాన్ని. "ఇప్పటికి వచ్చిందా నోరు," అంది.

"ఆలస్యమైంది," అంది పిల్ల.

"అయితే నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు వాచ్‌మన్. "చూడమన్నారు, చూశాను. నా ఉద్యోగం నాది."

"మిమ్మల్ని అనడం లేదు అంకుల్. అందరికీ చెబుతున్నా."

వెనక నుంచి ఎవరో, "జరగమ్మా, బస్సు పోతుంది" అన్నారు. వరస మళ్ళీ కదిలింది. సంచి, టిఫిన్ డబ్బా, గొడుగు. సంచి, టిఫిన్ డబ్బా. పిల్ల కొత్తగా వచ్చినవాళ్ళకి మళ్ళీ మొదటినుంచి చెప్పింది. అవే మాటలు, అదే వరసలో. కార్ల దగ్గర తల్లులు ఇటు తిరిగారు. ఒకామె ఫోను తీసింది.

సివిక్స్ మాస్టారు గబగబా వచ్చాడు. మంచివాడు, చెమట పట్టింది. "ఏంటమ్మా ఇది? లోపలికి రా, కూర్చుని మాట్లాడదాం."

"లోపల కాదు సార్."

"ఇలా వీధిలో..."

"సంచి ఇక్కడే విప్పారు సార్."

ఆయన నావైపు చూశాడు. నాకేం సంబంధం లేనట్టు చెట్టువైపు చూశాను. నా కుడిచేతి వేళ్ళు మాత్రం చీర కుచ్చిళ్ళ మీద వాటంతటవే కదులుతున్నాయి. షార్ట్‌హ్యాండ్. ప్రతి మాటా.

చివరి పనివాడు వెళ్ళిపోయేదాకా చెప్పింది. కొందరు విన్నారు. కొందరు బస్సు చూసుకున్నారు. ఒక ముసలి ఊడ్చే ఆమె వెళుతూ వెళుతూ, "చెబుతాలే దానికి, మా పక్కిల్లే" అంది.

ఇంటికి నడిచొచ్చాం. దారిలో గర్వం రావాలి కదా అని వెతుక్కున్నాను. కాళ్ళు నొప్పి పుట్టాయి, అంతే.

22, శుక్రవారం

ప్రిన్సిపాల్ అల్లుణ్ణీ మా అమ్మాయినీ పిలిచాడు. షీల్డు తీసుకెళ్ళి ఇచ్చేశారు. కాయితం మీద ఏమీ రాయడట. ఆయాని ఎవరూ దొంగ అనలేదట, ఆమే రావడం మానేసిందట, కావాలంటే రావచ్చట. అల్లుడు ఇదంతా చెబుతూ, "ఆయన అలా అంటుంటే మీ అమ్మాయి ఏమందో తెలుసా అత్తయ్యా? ఆ మాట కూడా గేటు దగ్గర చెబుతారా అని అడిగింది" అన్నాడు. ఆయన గొంతులో భయమో మరోటో. మా అమ్మాయి చెప్పులు విప్పుకుంటోంది. దానికి నా నోరు రాలేదని ఇన్నేళ్ళూ అనుకున్నాను.

సివిక్స్ క్లాసులో, పనివాళ్ళ సంచులే ఎందుకు చూడాలని పిల్లలు అడిగారట. ఆ గంటంతా అదే చర్చ. చాలా మంచి అంశం, వచ్చే నెల ప్రాజెక్టుగా ఇస్తాను, ఇరవై మార్కులకు, అన్నాడట మాస్టారు.

25, సోమవారం

కళ్ళజోడు మాట్లాడటం మానేసింది దీనితో. "నన్ను ఆ వ్యాసం ఎందుకు చదవనిచ్చావు" అందట. న్యాయమే.

కోటు అబ్బాయి కోటు లేకుండా వస్తున్నాడట. వాళ్ళమ్మ కొత్తది కొంటానన్నా వద్దన్నాడట. వాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు.

27, బుధవారం

పిల్ల కాస్త మాట్లాడుతోంది. ఉప్పు అందివ్వు, టవలేది, ఈ ఫ్యాను చప్పుడేంటి. పాత వాగుడు కాదు. మాట బయటికి రాకముందు ఒకసారి చూసుకుని వదులుతున్నట్టుంది. మా అమ్మాయి పెద్దదైపోయింది అంటుంది. నేను ఏమీ అనడం లేదు.

29, శుక్రవారం

ఆయా మళ్ళీ బడి పనిలోకి వచ్చింది. ఆసుపత్రి బ్లీచింగుకి చేతులు ఇక తట్టుకోలేదట. వాచ్‌మన్ చెప్పాడని పిల్ల చెప్పింది. బడి నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా నా మంచం చివర కూర్చుంది.

"కనపడింది. మా వరండాలోనే."

"ఏమంది?"

"నేల తడిగా ఉంది, అటుపక్క నుంచి వెళ్ళమ్మా, అంది."

"అంతేనా?"

"అంతే. అందరితోనూ అదే అంటోంది."

"కోపంగా అందా?"

"లేదు. మామూలుగా."

"నువ్వేమన్నావు?"

"అటుపక్క నుంచి వెళ్ళాను."